నీళ్లు కాగాయి, రా

ఎకువా పోయిన ఆరు వారాలకు గాని అంత్యక్రియలకు రోజు కుదరలేదు. అన్నాళ్లూ ఆమె మార్చురీలోనే ఉంది. రోజు నిర్ణయించినా, ఏ నల్లబట్ట కట్టాలో చెప్పినా, షామియానాలు ఎక్కడ వెయ్యాలో చూపించినా అంతా ఆమె పుట్టింటి పెద్దలే. పోయిన మనిషి తల్లి వంశానికి చెందుతుంది. మొగుణ్ణి అడిగితే అడుగుతారు, లేకపోతే లేదు.

ఆ మొగుడు ఎబో ఎస్సిల్ఫీ కూడా ఏమీ అడగలేదు. డెబ్బై నాలుగేళ్ల దర్జీ. స్వేడ్రు బజారు వెనక చిన్న కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. పిల్లలు కలగలేదు. పెద్దలు మాట్లాడుకుంటుంటే గోడవారన కూర్చుని విన్నాడు. అంతా అయిపోయి లేవబోతున్నప్పుడు మాత్రం, ఆ పాట వద్దు అన్నాడు.

వంశపెద్ద ఎగ్యా బూడు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఏ పాట అని అడిగాడు.

"అర్కోర్ఫుల్ పాట. నీళ్ల పాట."

గదిలో ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎకువా చెల్లెలు అరబా కేప్ కోస్ట్ బజారులో చేపలమ్ముతుంది. నోరు గట్టిది. బావను తేరిపార చూసి అంది:

"ఆ పాట లేకుండా ఈ ఊళ్లో కోడిపిల్లను కూడా పాతిపెట్టరు బావా. మా అక్క అంతకన్నా తీసిపోయిందా?"



ఆమె అన్నది అబద్ధం కాదు. పాటగాడు క్వెకు అర్కోర్ఫుల్ చచ్చిపోయి పదకొండేళ్లయింది. మనిషి మట్టిలో ఉన్నాడు, గొంతు మాత్రం ఊళ్లోనే ఉంది. శనివారం వస్తే చాలు, ఏదో ఒక వీధిలో చావుకి కట్టే ఎర్రబట్టలూ నల్లబట్టలూ కనపడతాయి, ప్లాస్టిక్ కుర్చీలు దిగుతాయి, స్పీకర్లలోంచి అతని గిటారు మొదలవుతుంది. ట్రోట్రో వ్యాన్ల డ్రైవర్లు పెట్టుకుంటారు. మంగలి షాపులో పెట్టుకుంటారు. అర్కోర్ఫుల్ పోయాక పుట్టినవాళ్లకు కూడా ఆ పాట ముక్కముక్కా నోటికొచ్చు. కొత్త పాటగాళ్లు వస్తారు, ఏడాది తిరిగేసరికి వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. అర్కోర్ఫుల్‌ను మాత్రం ఎవరూ దింపలేకపోయారు.

పాట ఇంత గొప్పదా అంటే, మాటలు నాలుగే. సముద్రం మీదికి పోయిన మొగుడికోసం పెళ్లాం స్నానానికి నీళ్లు కాచి పెడుతుంది. ఒంటికంటిన ఉప్పు పోవాలంటే వేడినీళ్లుండాలి గదా. నీళ్లు కాగాయి, రా. పొయ్యి ఆరకముందే రా. నీళ్లు చల్లారాయి, రా. మళ్లీ కాస్తాను, రా. అంతే.

ఆ పాట పుట్టినప్పుడు ఎబో పక్కనే ఉన్నాడు. ఇరవై ఏళ్లపాటు అర్కోర్ఫుల్ బృందంలో ఆడవేషాలు వేసింది అతనే. ఆ రోజుల్లో బృందం ఊరూరూ తిరిగేది, ముందు పాటలు, తరవాత నాటకం. ఆడవాళ్లు స్టేజీ ఎక్కేవారు కారు. మొహానికి పౌడరు, తలకు గుడ్డ, నడుముకు రెండు బట్టలు చుట్టుకుని ఎబో 'సిస్టర్ అబా' అయ్యేవాడు. గయ్యాళి పెళ్లాం అయినా, గారాల కూతురైనా, విధవ అయినా అతనే.

ఒకసారి అపామ్‌లో ఆట ఉంది. ఆ వారమే అక్కడి పడవ ఒకటి తిరిగి రాలేదు. ఒడ్డున ఒకావిడ మూతపెట్టిన గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరు లేపినా లేవలేదట. అర్కోర్ఫుల్ గిటారు తీసుకెళ్లి ఆమె వెనక పది అడుగుల దూరంలో ఇసకలో కూర్చున్నాడు. తీగ ముట్టుకోలేదు. పొద్దు వాలేదాకా కూర్చుని వచ్చి, ఎబోని పిలిచి, మనసులో కట్టుకొచ్చిన నీళ్ల పాట వినిపించి, ఇక నుంచి విధవ వేషంలో మాటలు వద్దు, ఈ పాట చాలు అన్నాడు.

"నువ్వే ఆవిడవి. నేను వట్టి గిటారునే," అన్నాడు.

అర్కోర్ఫుల్ అలాంటివాడు. పొట్టిగా, పళ్లు కొంచెం ఎత్తుగా ఉండేవాడు, చొక్కా బొత్తం ఎప్పుడూ ఒకటి ఊడిపోయి ఉండేది. ఎబోనే కుట్టిపెట్టేవాడు. తాగితే అందరినీ తిట్టేవాడు, తాగకపోతే ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కాని ఎక్కడ ఎవరు ఏడుస్తున్నా అక్కడ నిలబడిపోయేవాడు.

ఆ విధవ పాటకి ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. విన్నెబాలో ఆట అయ్యాక ఒక పిల్ల తెర వెనక్కి వచ్చి, పాడిన ఆవిడ ఎక్కడ అని అడిగింది. ఎబో అప్పుడే తువ్వాలుతో పౌడరు తుడుచుకుంటున్నాడు.

"ఆవిడ మొహం కడుక్కుంటోంది. ఏం పని?"

"ఏడ్చి ఏడ్చి నా తలగుడ్డ తడిసిపోయింది. ఆవిణ్ణి ఓ మాట ఓదార్చి పోదామని."

"అయితే ఓదార్చు," అన్నాడు ఎబో. ఆ పిల్ల ఎకువా. మరుసటేడు పెళ్లయింది.

రికార్డు చెయ్యడానికి రాజధాని అక్రాకి పిలిచినప్పుడు ఇద్దరూ వెళ్లారు. ఎబో కొత్త చొక్కా కుట్టుకున్నాడు. స్టూడియో అతను రెండు చరణాలు విని చెయ్యెత్తి ఆపేశాడు. వేషం కనపడదు గదా, మగవాడు ఆడగొంతు పెడితే వినేవాళ్లు నవ్వుతారన్నాడు. పైగా పాట పొడుగు, రికార్డు పళ్లెంలో పట్టదు, చివరి చరణం తీసెయ్యాలన్నాడు. అర్కోర్ఫుల్ చాలాసేపు నేలకేసి చూశాడు. తరవాత ఎబో వైపు చూడకుండానే వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు.

ఎబో అక్కడ ఉండలేదు. బయటికి వచ్చి మురిక్కాలవ గట్టు మీద కూర్చున్నాడు.  స్వేడ్రులో దిగాక, నీకోసం ఇంకోటి కడతాను అన్నాడు అర్కోర్ఫుల్. కట్టలేదు. రికార్డు దేశమంతా పాకింది. తరవాత కర్ఫ్యూలు వచ్చి రాత్రి ఆటలు ఆగిపోయాయి, బృందం చెదిరింది. ఎబో కుట్టుమిషను ముందు కూర్చున్నాడు.

ఆ పాట ఎక్కడ మొదలైనా అతను లేచిపోయేవాడు. ఏదో పనున్నట్టు, దగ్గు వచ్చినట్టు. నలభై ఏళ్లలో ఆ రికార్డు ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు. స్టేజీ మీద ఆ పాట తన గొంతేనని ఎవరితోనూ అనలేదు. ఎకువాకి చెప్పాల్సిన పనిలేదు, ఆమెకి తెలుసు. రేడియోలో వచ్చినప్పుడు సూదిలో దారం ఎక్కిస్తూ, "బాగానే పాడతాడు పాపం," అని ఊరుకునేది. ఆ 'పాపం' అనే మాటతో ఎబోకి సరిపోయేది.

అర్కోర్ఫుల్‌కి చక్కెర జబ్బు ముదిరి కాలు తీసేశారు. విన్నెబాలో అద్దెగదిలో పడి ఉన్నాడని తెలిసి ఎబో ఒకసారి వెళ్లాడు. కిటికీ బయట ఎవరి ఫోన్లోనో అదే పాట మోగుతోంది. లోపల ఆ మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. ఎబో లేపకుండా వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. ఎకువా మాత్రం వారం వారం వేరుశనగ పులుసు డబ్బాలో పోసుకుని వెళ్లేదని అతను పోయాక గాని తెలియలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు అడగలేదు గదా అంది.

శనివారం ఎకువాని పాతిపెట్టి వచ్చారు. షామియానాల కింద మూడొందల మందికి తక్కువ లేరు. ఎబో ఎర్రబట్ట భుజం మీద వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పొద్దుట్నించీ అతని కంట్లో చుక్క లేదు. ఒకప్పుడు వెయ్యిమందిని ఏడిపించినవాడు, సొంత పెళ్లాం శవపేటిక మూసేటప్పుడు గోడలా నిలబడ్డాడు. అరబా ఆ మాట వినపడేలాగే అంది. ఎవరో ఆమెని సర్దారు.

మైకుసెట్టు క్వామినా పాట పెట్టాడు. గిటారు మొదలయింది. ఎబో అలవాటుకొద్దీ లేవబోయాడు. రెండు వాక్యాలు అయ్యాయో లేదో కరెంటు పోయింది. క్వామినా జెనరేటరు తాడు లాగాడు, అది దగ్గి ఊరుకుంది. కాని పాట ఆగలేదు. వెనక వరసలో ఒక ముసలావిడ అందుకుంది, తరవాత ఆమె పక్కవాళ్లు, తరవాత కుర్చీలన్నీ. ముసలివాళ్లూ, చంకన పిల్లలున్న తల్లులూ, బడి వయసు పిల్లలూ. నీళ్లు చల్లారాయి, రా. మళ్లీ కాస్తాను, రా. తిప్పి తిప్పి అదే. వాళ్లకి తెలిసిన పాట అక్కడితో అయిపోతుంది. ఆ పాటలో పెళ్లాం ఎప్పటికీ నీళ్లు కాస్తూనే ఉంటుంది.

ఎబో లేచి నిలబడ్డాడు. వెళ్లిపోతాడనుకుని దారిచ్చారు. అతను వెళ్లలేదు. నోరు తెరిచి, రికార్డులో లేని చరణం ఎత్తుకున్నాడు.

ఈ నీళ్లు నేనే పోసుకున్నాను. ఉప్పు నా కళ్లదే, కడిగేసుకున్నాను. రేపు పొయ్యి వెలిగించను. ఇక నా కోసం చూడకు.

గొంతు పైకి పోలేదు. పాత ఆడగొంతు పెట్టబోతే చీరుకుపోయింది. మొదటి వాక్యానికి జనం గొంతులు తగ్గించారు, రెండోదానికి ఆగిపోయారు. మర్యాద తెలిసినవాళ్లు తలలు వంచుకున్నారు. ఎక్కడో ఒక నవ్వు వినపడి, వెంటనే దగ్గుగా మారింది. అరబా లేచి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"కూర్చో బావా. పొయ్యి వెలిగించననడమేంటి, పోయినావిడ ముందర? అర్కోర్ఫుల్ పాటని ఎందుకు పాడుచేస్తావు?"

ఎబో కూర్చున్నాడు.  తరవాత వెనకనించి ఎవరో మెల్లగా, నీళ్లు కాగాయి, రా, అని మొదలుపెడితే అందరికీ ప్రాణం లేచివచ్చినట్టయింది.

ఆదివారం చర్చి అయ్యాక నల్లా తెలుపూ బట్టల్లో మళ్లీ కూర్చున్నారు. కరెంటు ఉంది. నిన్న సగంలో పోయిందని క్వామినా పాట మొదట్నించీ పెట్టాడు. ఎబోకి ఒకవైపు ఎగ్యా బూడు, ఇంకోవైపు గోడ. నిన్నటి నిలబాటుకి మోకాళ్లు పట్టేశాయి. లేవాలంటే నలుగురు సాయం పట్టాలి. నిన్న జరిగినదాని తరవాత మళ్లీ అందరి కళ్లలో పడడం ఇష్టం లేక, తల వంచుకుని వినసాగాడు.

అర్కోర్ఫుల్ ఆడగొంతు పెట్టలేదు. మామూలుగానే పాడాడు, కొంచెం ముక్కుతో. మొదటిసారి 'రా' అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారికి ముందు, గొంతులో చిన్నగా ఏదో తెగినట్టు ఒక ఎక్కిలి.

ఎబో తలెత్తాడు.

సాల్ట్‌పాండ్‌లో ఒకసారి పౌడరు గొంతులోకి పోయి సరిగ్గా అక్కడే ఎబోకి ఎక్కిలి వచ్చింది. ఏడుపనుకుని జనం గొల్లుమన్నారు. ఆ రోజునించీ కావాలనే అక్కడ ఎక్కిలి పెట్టేవాడు. అర్కోర్ఫుల్‌కి అదంటే మంట. ఆ ఎక్కిలి తీసెయ్, అదో దొంగ వేషం అని ప్రతి ఆటకీ తిట్టేవాడు. తిట్టినవాడే స్టూడియోలో మైకు ముందు నిలబడి, ఎక్కడ పడాలో అక్కడే, ఎంత ఉండాలో అంతే, దాన్ని పెట్టాడు. బయట మురిక్కాలవ గట్టు మీద కూర్చున్నవాడికి అది వినపడలేదు.

ఆ ఎక్కిలి దగ్గరే షామియానాల కింద రుమాళ్లు పైకి లేచాయి.

ఎకువాకి చెప్పాలని ఎబో పక్కకి తిరిగాడు. పక్కన ఎగ్యా బూడు పెద్ద మొహం ఉంది.  ఎబో భుజాలు కదలడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. బూడు అతని వీపు మీద చెయ్యివేసి, వెనక్కి తిరిగి ఆడవాళ్లవైపు తల ఊపాడు. చివరికి పెళ్లాంకోసం ఏడ్చాడు, వంశానికి పరువు దక్కింది అన్నట్టు. ఏడుస్తున్నవాడికే ఎవరికోసమో తెలియలేదు. విన్నెబాలో అర్కోర్ఫుల్ గదికి వెళ్లి లేపకుండా వచ్చినరోజు మాత్రం పదేపదే గుర్తొచ్చింది.

సోమవారం అరబా కేప్ కోస్ట్ బయల్దేరింది. ఎబో ఆమె మూట మోసుకుంటూ స్టేషనుదాకా వచ్చాడు. ట్రోట్రో నిండేదాకా బల్ల మీద కూర్చున్నారు. అడిగినవాళ్లు లేకపోయినా అతను చెప్పాడు. అపామ్ సంగతి, అక్రా సంగతి, ఎక్కిలి సంగతి. జీవితంలో మొదటిసారి చెప్తున్నాడు కాబట్టి వరస తప్పింది, మళ్లీ వెనక్కి వెళ్లి చెప్పాడు.  

"ఆ పాట నీదేనని అక్క రికార్డు వచ్చిన కొత్తలోనే నాతో చెప్పింది బావా," అంది చివరికి. "నమ్మలేదు. ఏ పెళ్లాం తన మొగుణ్ణి పొగుడుకోదులే అని నవ్వాను. మళ్లీ అక్క నా దగ్గర ఆ ఊసెత్తలేదు."

"ఇప్పుడు?"

ఆమె మూట తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. 

"నిన్న నేనూ ఆ ఎక్కిలి దగ్గరే ఏడ్చాను. నీకోసం ఏడ్చానని ఇప్పుడు ఎలా అనుకోమంటావు? నాకు వినపడింది ఆయనే."

డ్రైవరు పిలిచాడు. ఆమె ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, వేళకి తిను అని చెప్పింది. బండి కదిలింది. ఎబో కాసేపు ఆ బల్ల దగ్గరే నిలబడి, తరవాత కొట్టు తియ్యడానికి బజారువైపు నడిచాడు.