ఫ్యామిలీని తోల్కరమ్మన్నడు

బాలప్ప ఆ మాట అనకుండా ఉంటే ఈ తిప్పలు ఉండేవే కావు. అన్నాడు. అదీ వాకిట్లో, ఇంటిల్లిపాదీ కూర్చుని ఉండగా, గొంతెత్తి మరీ అన్నాడు.

"అంజిలయ్యకు అంబాలాల క్వార్టర్ దొరికింది. నేను సెలవు అయినంక మల్ల పోతున్న గద, నాతోని ఫ్యామిలీని తోల్కరమ్మన్నడు."

అంజిలయ్యతో పాటు ఉత్తరాన అంబాలా పటాలంలో ఉండే ఆ బాలప్ప, అమాస దాటిన శుక్రవారం తాండూరు స్టేషన్లో కలుస్తానని చెప్పి, ఇచ్చిన చాయ్ తాగి, కొడంగల్ బస్సెక్కి తన ఊరికి తను వెళ్లిపోయాడు. నిప్పు ముట్టించినవాడు అది ఎక్కడిదాకా అంటుకుందో చూడటానికి ఆగలేదు.

చైనా లడాయి అయిన రెండేళ్లకు కార్తీకంలో జరిగిందిది. కాగ్నా ఒడ్డున గొర్లు కాచుకుని బతికే ఆ ఇంట్లో ఈ తరంలో అంజిలయ్య ఒక్కడే పటాలంలో చేరాడు. ఇంట్లో మిగిలినవాళ్లు నలుగురు. తల్లి బీరమ్మ. చిన్నాయన ఈరయ్య, ఊళ్లో తనకు తెలియని సంగతి లేదని ఆయన నమ్మకం. మొగుడితో పోట్లాడి వచ్చి పుట్టింట్లో పాతుకుపోయిన అక్క మైసమ్మ. ఇక తలుపు వెనక నిలబడి బాలప్ప మాటలు విన్న కోడలు మొగులమ్మ.

"ఫ్యామిలీ అంటె ఏంది చిన్నాయనా?" అని మైసమ్మ అడిగింది.

"గంత తెల్వదా? మన తాండూరు కందుల సేటు, ఫ్యామిలీతోని తిరుపతి పోతున్న అన్నడా? ఎందరు పోయిన్రు? పదముగ్గురు. ముసలోళ్లు, పిల్లలు, వంటమనిషితోని సహా." ఈరయ్య రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అంటె మనమందరం పోవాలె. సర్కారు పిలిచినంక పోకుంటె మర్యాద గాదు. మందను ఎవరికన్న పాలుకిచ్చి పోదాం."

తలుపు వెనక మొగులమ్మ తల పట్టుకుంది. ఎందుకంటే ఫ్యామిలీ అంటే ఎవరో ఆ ఇంట్లో ఆమెకు ఒక్కదానికే తెలుసు, లేదా ఆమె అలా అనుకుంటోంది.

పోయిన సెలవులో అంజిలయ్య ఆమెను తాండూరు బజారుకు తీసుకుపోయాడు. చాయ్ దుకాణం దగ్గర ఎవరో సుబేదారు ఎదురైతే, టక్కున సలాం కొట్టి, "మా ఫ్యామిలీ సాబ్" అని చూపించాడు. మొగులమ్మ వెనక్కి తిరిగి చూసింది, అత్తగానీ వచ్చిందేమోనని. వెనక మేకపిల్ల తప్ప ఎవరూ లేరు. తర్వాత అడిగితే అతను నవ్వాడు. పటాలంలో పెండ్లాన్ని పేరు పెట్టి చెప్పరట, పెండ్లమని కూడా అనరట. ఫ్యామిలీ అంటారట.

మరి ఆ ముక్క చెప్పేస్తే సరిపోదా అంటారు మీరు. పెళ్లయి మూడేళ్లయిన కోడలు నలుగురి ముందుకొచ్చి, "ఫ్యామిలీ అంటే మీరెవరూ కారు, నేనొక్కదాన్నే" అని అంటే ఊరు ఊరుకుంటుందా? ఇల్లు పాయలు చేసిందని చచ్చేదాకా అంటారు. అసలా మాట పలకాలన్నా ఆమెకు నోరు రాదు. ఒంటరిగా బావి గట్టున నిలబడి ఓసారి అనిచూసుకుంది గాని, సగంలోనే సిగ్గుపడి బొక్కెన జారవిడిచింది.

కానీ ఊరుకోవడం ఎట్లా? మూడేళ్లలో మొగుడు ఇంటికి వచ్చింది రెండు సెలవులకు. వచ్చినన్నాళ్లూ అతని చుట్టూ జనమే. మొగుడితో పట్టపగలు, గొంతు తగ్గించకుండా, పక్కనెవరున్నారో చూసుకోకుండా ఒక్క మాట మాట్లాడాలని మొగులమ్మ ఆశ. బంగారం అడగలేదు, పట్టుచీర అడగలేదు. ఇప్పుడు క్వార్టర్లో ఉండే ఆ ఒక్క గదిలోకి కూడా ఈరయ్య దగ్గు, మైసమ్మ కోళ్లు రాబోతున్నాయి.

అందుకని అబద్ధాలకు దిగింది. తప్పేనని ఆమెకు తెలుసు, అయినా దిగింది.

ముందుగా ఈరయ్య. పొద్దున అంబలి పోస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. "గా అంబాలాల ఈతచెట్టే ఉండదంట. తాటిచెట్టు గూడ లేదంట."

ఈరయ్య చెయ్యి గిన్నె దగ్గర ఆగిపోయింది. "అంబాలా అంటె అంబలి ఊరని నేననుకుంటున్న. కల్లు లేదా?"

"పేరే తెల్వదంట మామా."

ఆయన అంబలి సగం వదిలేసి లేచాడు. అయినా ప్రయాణం మానలేదు. పైగా తాండూరు పోయి నల్లరంగు ఇనుప పెట్టె కొనుక్కొచ్చాడు. పటాలం పెట్టెల మీద పేరు ఉండాలని బాలప్ప చెప్పాడట. ఏ అక్షరం ఎట్లుంటుందో తెలియక, మంద కలిసిపోతే గుర్తుపట్టడానికి గొర్లకు పెట్టే ఎర్ర కావిగుర్తే పెట్టె నాలుగు పక్కలా పూశాడు. "గిప్పుడు దేశంల ఏ స్టేషన్ల ఏసినా ఇది మన గొర్రే" అన్నాడు, గర్వంగా.

మైసమ్మకు సూదంటే భయం. చిన్నప్పుడు మసూచి టీకాలవాళ్లు వస్తే గడ్డివాములో దూరి రాత్రిదాకా బయటికి రాలేదు. ఆ సంగతి మొగులమ్మకు తెలుసు.

"వదినా, పటాలం గేటుకాడ్నే డాక్టరు నిలబడి ఉంటడంట. లోపటికి పోయెటోళ్లకు అందరికి సూదేస్తడంట."

"సూదా?" మైసమ్మ చేతిలోని కోడి ఎగిరిపోయింది.

అప్పుడే విచిత్రం జరిగింది. మూలన కూర్చుని ఉన్ని పీకుతున్న బీరమ్మ తలెత్తకుండానే అందుకుంది. "ఒకటి గాదు బిడ్డ, రెండు. గుర్రాలకేసె సూదులు. మీ నాయిన చెప్పెటోడు."

మొగులమ్మ బిత్తరపోయింది. తను కల్పించినదాన్ని అత్త ఎక్కడ విన్నది? పాపం, ముసలామె అన్నీ నమ్మేస్తుందేమో అనుకుంది.

మైసమ్మ ఆ రాత్రే మొగుడికి ఖబరు పంపింది, వచ్చి తీసుకుపొమ్మని. రెండేళ్ల పోట్లాట రెండు సూదులకు తెగిపోయింది.

ఈరయ్యను పడగొట్టింది కూడా చివరికి బీరమ్మే. ఆయన పెట్టె తుడుచుకుంటూ, "వదినా, అర్ర ఒక్కటే ఉంటదంట గద, ఎట్ల పండుకుందాం?" అన్నాడు.

"ఎట్లేంది? నేను నీ పక్కకే పడుకుంట ఈరయ్యా. నువ్వు గురక పెట్టినప్పుడల్ల లేపుత. పొద్దున లేస్తనే స్నానం జేపిస్త. కల్లు లేదు గాబట్టి ఇగ నిన్ను మనిషిని జేస్త."

మరుసటి పొద్దున ఈరయ్యకు నడుం పట్టేసింది. మందను పాలుకిస్తే గొర్లు ఆగమైపోతాయన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. సర్కారుకు తన సలాం చెప్పమన్నాడు.

ఇంకా బీరమ్మ మిగిలింది. ఆమెను కదిలించడం మొగులమ్మ తరం కాలేదు.

"అత్తమ్మా, ఆడ జొన్న దొరకదంట."

"మూటల కట్టుకొస్త."

"మస్తు సలంట. నీళ్లు గడ్డకడ్తయంట."

"గొర్ల కాడ పండుకునెదాన్ని, నాకేం సలి?"

"ఆడోళ్లు ఇంట్ల గూడ చెప్పులేసుకొని తిరుగుతరంట!"

"మంచిదే. కాళ్లకు పెంట అంటది."

ఎంత భయపెడితే అంత హుషారు. పాత చీరలో ఒక పెద్ద మూట కట్టి పెట్టుకుంది. అందులో ఏముందో ఎవరినీ చూడనివ్వలేదు, చెయ్యి వేయబోతే కసిరేది. ఆ మూట లావు చూసినప్పుడల్లా మొగులమ్మ అర్రలో మిగిలే జాగా లెక్కేసుకునేది.

శుక్రవారం తాండూరు స్టేషన్లో బాలప్ప వీళ్లను చూసి గతుక్కుమన్నాడు. మొగులమ్మ ఒక్కతే వస్తుందనుకున్నవాడికి ఎదురుగా కావిగుర్తుల పెట్టె, జొన్నపిండి డబ్బా, మూట, మూట మీద బీరమ్మ. సాగనంపడానికి ఈరయ్య, మొగుడితో కలిసి మైసమ్మ.

"వదినా, టికెట్టుకు బదులు పటాలమోళ్లిచ్చిన వారంటు ఒక్కరికే ఉంది. క్వార్టర్ల ఒక్కటే అర్ర. అవ్వకు జర చెప్పరాదా?" అని మొగులమ్మ చెవిలో గొణిగాడు.

"నువ్వే చెప్పు."

"నేనా?" బాలప్ప బీరమ్మ వైపు చూశాడు. లడఖ్‌లో మంచుగుట్టల మీద ఆరు నెలలున్న మనిషి. "నాతోని గాదు" అన్నాడు.

"అవ్వా, నీకు టికెట్టు తీస్కోవాలె" అని మాత్రం అనగలిగాడు.

"తీస్కున్న." బీరమ్మ కొంగుముడి చూపించింది.

బండి వచ్చింది. ఈరయ్య నడుం నొప్పి స్టేషన్ చూడగానే కొంచెం తగ్గింది. కిటికీ ఊచలకు ముఖం ఆనించి, "లోపట జాగ ఉన్నట్టుంది గద వదినా, నేను గిట్లనే ఎక్కనా?" అన్నాడు.

బీరమ్మ బల్ల మీద కాళ్లు బారజాపి, పక్కన మూట పెట్టింది. "జాగేడిది? సూస్తలెవ్వా?"

రైలు కదిలింది. మొగులమ్మ గట్టిగా అనుకుంది, ధారూరు వచ్చేలోపు చెప్పేయాలని. నోరు తెరిచింది. బీరమ్మ ఆ నోట్లో రొట్టెముక్క పెట్టింది. ధారూరు వచ్చింది, పోయింది. మళ్లీ నోరు తెరిచింది. ఈసారి ఉల్లిగడ్డ వచ్చింది. రొట్టె నములుతూ అత్త ముఖం చూసింది. కిటికీ బయట కందిచేలు చూస్తూ ముసలామె చిన్నపిల్లలా కూర్చుంది. ఈమెను దింపేయాలనా నేను పది రోజులుగా అబద్ధాలాడుతున్నది అనిపించింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. సరే, రానీ. అర్రలో అడ్డంగా చీర కట్టుకుందాం. మాటలు ఎప్పటిలాగే గుసగుసగా మాట్లాడుకుందాం. ఇన్నాళ్లూ అలవాటేగా అనుకుంది.

వికారాబాదులో బండి ఆగింది. బీరమ్మ లేచి, చీర సర్దుకుని, చకచకా దిగిపోయింది.

నీళ్లకు దిగిందనుకుని మొగులమ్మ కంగారుగా కిటికీ దగ్గరికి జరిగింది. "అత్తమ్మా, ఏడికి? బండి పోతది!"

"పోనీ. నా టికెట్టు గీడిదాకనే." బీరమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. "అనంతగిరి దేవునికి మొక్కుకొని, పొద్దుగూకెవరకు ఇంటికి పోత. గొర్లు ఈనెటియి ఉన్నయి."

"మరి… నువ్వు రావా?"

"నేనెందుకొస్తనే? ఫ్యామిలీ అంటె పెండ్లమని నాకెర్క లేదనుకున్నవా?"

మొగులమ్మ ఊచల దగ్గరికి ముఖం తెచ్చింది. బీరమ్మ గొంతు తగ్గించింది.

"మీ మామ నిజాం పల్టన్ల ఉన్నప్పుడు గోలకొండల గిట్లనే అర్ర దొరికింది. 'ఘర్‌వాలోంకో' తోలియ్యుమని ఖబరంపిండు. అంటె ఇంటోళ్లను. తురకంల గట్లంటె పెండ్లమేనంట. మనోళ్లకేం తెల్సు? ఇంటోళ్లందరు మూటలు గట్టిన్రు. అత్త, మామ, ఇద్దరు మరుదులు, ఓ గుడ్డి మేనత్త. అందరం గా ఒక్క అర్రలనే. నేను వద్దనలేకపోయిన. మీ మామ పోయిన్నాడు ఏడుస్తనే అనుకున్న, గీ మనిషితోని నేను కడుపునిండ మాట్లాడనే లేదు గద అని."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, కొంగుతో ముక్కు మాత్రం తుడుచుకుంది.

"తాండూరుల నేను ఎక్కకుంటె మీ చిన్నమామ ఎక్కెటోడు. నేను వస్తనంటెనే గద వాళ్లు ఆగింది? నాతోని ఒక్క అర్రల ఉండుడు ఎవనికి కావాలె?"

మొగులమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. పది రోజుల భయం పోయేసరికి నోటికి తాళం కూడా ఊడింది.

"గంతమంది ఉంటె మరి మైసమ్మ వదిన ఎట్ల పుట్టింది అత్తమ్మా?"

"ఒకపాలి అందరు జాతరకు పోయిన్రు."

"మరి మీ కొడుకు?"

"జాతర ఏటేట రాదా ఏందే? నోరు బాగ లేసింది నీకు!" బీరమ్మ ఊచల్లోంచి చెయ్యి పెట్టి కోడలి చెంప మీద చిన్నగా ఒకటి వేసింది. గార్డు ఈల వేశాడు. బండి కదులుతుంటే వెంట నడుస్తూ అరిచింది. "మూట నీకే! గొంగడి నేయించిన! వెడల్పుగ నేయించిన, ఇద్దరికి ఒక్కటే! సలి పెడ్తుంది, ఇంకోటి పంపుమని ఖబరు జేసిన్రో, నేనే ఎత్తుకొస్త!"

ఆ మాటకు రైలు డబ్బా అంతా నవ్వింది. బాలప్ప మాత్రం ముఖం అటు తిప్పుకున్నాడు.

మొగులమ్మ మూట విప్పింది. మెత్తటి నల్ల గొంగడి, అంచున ఎర్రదారం, చింతగింజల గంజివాసన ఇంకా పోలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ప్లాట్‌ఫారం కనబడకుండా పోయేదాకా బయటికే చూసింది.

కాసేపటికి టికెట్ల సాబు వచ్చాడు. బాలప్ప ఇచ్చిన వారంటు అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిండ్ల సిపాయి ఫ్యామిలీ అని రాసుంది. ఎవరు?"

బాలప్ప నోరు తెరవబోయాడు.

"నేనే," అంది మొగులమ్మ. గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది. అటు చివరి బల్లలవాళ్లు కూడా తిరిగి చూశారు. ఆమె తగ్గించలేదు. "ఫ్యామిలీ అంటె నేను. ఒక్కదాన్నే."