సీసా అడుగున నీళ్లు

నిన్నటి నూనె పట్టిన సీసాను కిటికీ వెలుతురులోకి ఎత్తి, వెనకనించి చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్లు మసగ్గా కనిపించాయి.

హోటళ్ల పెరటి గుమ్మాల్లో మిగిలిన మాడునూనె తెచ్చి, వడగట్టి, మందు కలిపి, నీళ్లతో కడిగి, బస్సు తాగే ఇంధనం చెయ్యడం అతని పని. కడిగాక తడి ఆరేదాకా కాచాలి. సీసా వెనక వేళ్లగీతలు కనబడేదాకా మంట తియ్యకూడదు. నిన్న తీసేశాడు. మనవరాలి బడిలో నాటకం. "తాతయ్య దగ్గర బాండీ వాసన" అని ఆ పిల్ల ఓసారి ముక్కు మూసుకుంది. పెందలాడే పోయి ఒళ్లు రుద్దుకున్నాడు.

ఆ నూనె పోసుకున్న బస్సు గేటు దగ్గరనించి ఇంకా కదల్లేదు. అక్క మొగుడే డ్రైవరు. ఈ నూనె నా బండిలోనే పొయ్యండని మేనేజరును ఒప్పించినవాడు.

"ఏరా బావమరిదీ, సబ్బు అరగదీసినట్టున్నావు! ఇవాళ నిన్ను చూస్తే ఆకలెయ్యట్లేదు!"

బండి ఆపు బావా, అనాలి. కాస్త తడికేం అవుతుందిలే అనుకున్నాడు. నవ్వాడు. బస్సు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాన్ని తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. ఎత్తు మీద ఆగిపోయిందట. జనం దిగి తోశారట.

"నీ వంటనూనె వైభోగం ఇదేనా?" మేనేజరు అతని మీదికొచ్చాడు.

"నూనెనెందుకంటారు సార్?" డ్రైవరు చేతులు తుడుచుకుంటూ అడ్డొచ్చాడు. "కొత్త నూనె ట్యాంకులో పాతమడ్డిని గీకేస్తుంది. ఫిల్టరు మార్చమని ముందే చెప్పారు. నేనే బద్ధకించాను."

"అయితే తాళాలిచ్చి వెళ్లు."

డ్రైవరు ఇచ్చేశాడు. సీటు మీది తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బావమరిది నూనె షెడ్డు గుమ్మం దాకా వెంట నడిచాడు.

"బావా, అది..."

"ఫిల్టరు విప్పింది నేనేరా. నీళ్లో మడ్డో నాకు తెలీదా? తప్పు నూనెదంటే నీ షెడ్డు మూస్తారు. నాదంటే మీ అక్క నోరు తెరుస్తుంది, అంతేగా!" నవ్వి, ఆగాడు. "అవునూ, నిన్న నాటకానికెళ్లావా? పిల్ల పక్కన కూర్చోబెట్టుకుందా?"

తల వంచుకునే ఊపాడు.

"పోన్లే. అదే చాలు."

డ్రైవరు గేటు దాటి, నడుచుకుంటూనే మలుపు తిరిగిపోయాడు. షెడ్డులో అతను పొయ్యి వెలిగించలేదు, మరో డబ్బా విప్పలేదు. తన చేతులు వాసన చూసుకున్నాడు. సబ్బు వాసన ఇంకా పోలేదు.

కిటికీలో సీసా కదలకుండా ఉండి ఉండి తేటపడింది. పైన తేనెరంగు నూనె. అడుగున, సన్నటి గాజుపలకలా, నీళ్లు.