అరిసెల బియ్యం దగ్గర నాకు జరిగిన అన్యాయం

నేను ఒక ఇంగ్లీషు మాటను. పేరు సోక్. దేన్నయినా నీళ్ళలో వేసి ఉంచడం నా అర్థం. పాత ఇంగ్లీషులో పుట్టాను. పీల్చడానికి అక్కడ వాడే మాట నాకు దగ్గర చుట్టం. పప్పు నీళ్ళలో పడినా, మనిషి వానలో చిక్కుకున్నా, నేల నీరు తాగినా మావాళ్ళు నన్నే పిలిచేవారు. ఒంటిచేత్తో సంసారం ఈదినదాన్ని.

తెలుగునాట అడుగుపెట్టి చూద్దును కదా, పప్పు నానుతుందట, మనిషి తడిసి ముద్దవుతాడట, నీరు ఇంకుతుందట. ఒక్కో పనికి ఒక్కో మాట! కనీసం గుంతలైనా దక్కుతాయని సోక్ పిట్ పేరుతో ఇంజనీర్ల వెంట తిరిగాను. అక్కడా 'ఇంకుడు గుంత' అని బోర్డు రాసి నన్ను గెంటేశారు. వంటింటి పెత్తనమంతా నానబెట్టడానిదే. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మంట.

నాకు మిగిలిన దిక్కు హిమజ. నాగపూర్‌లో పెరిగి తెనాలి కోడలైన పిల్ల. "శనగలు సోక్ చేశానత్తయ్యా" అని ఆమె అంటుంటే నా ప్రాణం లేచొచ్చేది. ఈ ఇంట్లో ఆ ఒక్క నోరు నాదైతే చాలనుకున్నాను.

ఇంతలో ఆమె కూతురు తొలి అడుగులు వేసింది. అడుగులకు అరిసెలు వండాలి, పాపను వాటిమీద నడిపించాలి. తన చేత్తోనే చేస్తానని హిమజ పట్టుబట్టింది. పొద్దున బియ్యం సోక్ చేసి, మధ్యాహ్నానికే పిండి పట్టించింది. అరిసెలు నూనెలో చెదిరిపోయాయి. హిమజ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అత్తగారు పేరమ్మ నవ్వింది. "నా మొదటి అరిసెలూ ఇట్టాగే చెదిరినయ్ లేమ్మాయ్. మళ్ళీ బియ్యం నీళ్ళలో పోసి రేపటిదాకా ఉండనీ. గింజని గోరుతో నొక్కి చూడు. పిండయితే నానినట్టు."

మర్నాడు హిమజ గింజ నొక్కి, "నానాయత్తయ్యా!" అని కేక పెట్టింది. నా గుండె గుభేలుమంది.

పాప అరిసెలమీద తప్పటడుగులు వేస్తూంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కుళ్ళుతో అదేమీ కనపడలేదు. అప్పుడే నాగపూర్ నుంచి హిమజ తల్లి ఫోన్ చేసింది. "బియ్యం ఎంతసేపు సోక్ చేశావే?" అని అడిగింది. ఆ తల్లి చల్లగా ఉండాలి, నన్ను మరిచిపోలేదు!

"సోక్ చేస్తే చెదిరిపోయాయమ్మా," అంది హిమజ. "నానబెడితేనే కుదిరాయి."

అప్పుడూ ఇప్పుడూ అవే బియ్యం, అవే నీళ్ళు. పాడైనవి నా ఖాతాలో, కుదిరినవి దాని ఖాతాలో!