ఇంకో అరగంట

"నీళ్ళు ఎక్కువ తాగకు. ఎక్కడ పడితే అక్కడ ఆపడం నావల్ల కాదు."

బయలుదేరే రోజు పొద్దున్నే కారు డిక్కీలో సంచులు సర్దుతుంటే మా ఆయన నాతో అన్న మొదటి మాట ఇది. నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏ ప్రయాణానికైనా ముందు వింటున్న మాటే. అందుకే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గించేశాను. ఆయన రిటైరై రెండేళ్ళు, నేను రిటైరై తొమ్మిది రోజులు. ఈ రెండేళ్ళూ ఆయన ఇంట్లో కూర్చుని ఇరవై రెండు రోజుల కారు ప్రయాణానికి చార్టు గీశారు. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ పెట్రోలు, ఎక్కడ భోజనం, ఏ ఊళ్ళో బస, అన్నీ రెండు రంగుల పెన్నులతో. "ముప్ఫై ఏళ్ళు పరిగెత్తావు. ఇక హాయిగా కూర్చుని చూడు" అన్నారు. ఆ మాటకి నిజంగానే కరిగిపోయాను. అలా హాయిగా కూర్చునేలోపు నేను చేసిన పనులు మాత్రం ఆ చార్టులో ఏ రంగులోనూ లేవు. ఇద్దరి బట్టలూ ఉతికి ఇస్త్రీ చేశాను. ఆయన బీపీ మాత్రలు రోజుకొకటి చొప్పున పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద తేదీ రాశాను. ఫ్రిజ్ ఖాళీ చేసి కడిగాను. మొక్కలకి నీళ్ళు పోయమని పక్కింటావిణ్ణి బతిమాలుకున్నాను.

నాకొక ఇబ్బంది ఉంది. రెండో కాన్పు తర్వాత నుంచీ గట్టిగా దగ్గినా, తుమ్మినా, నవ్వినా ఒంటేలు ఆగదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇంతే. డాక్టరుకి కూడా చెప్పలేదు. నవ్వొస్తే కాళ్ళు దగ్గరికి ముడుచుకుని పెదాలు బిగబట్టడం అలవాటైపోయింది. చూసేవాళ్ళు నన్ను చాలా హుందా మనిషి అనుకుంటారు.

రెండో రోజు పదకొండింటికి మొదటిసారి అడిగాను.

"ఏమండీ, ఎక్కడైనా ఆపుతారా?"

"టీ తాగడానికి ఇప్పుడేగా ఆపాం?"

"అక్కడ ఆడవాళ్ళకి ఏమీ లేదండీ."

"ఇంకో అరగంట ఆగు. చార్టులో బంకు ఉంది."

బంకు వచ్చింది. ఆడవాళ్ళ బాత్రూమ్‌కి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళాడట. మా ఆయన మాత్రం ప్రహరీ వెనక్కి వెళ్ళి ఈల వేసుకుంటూ తిరిగొచ్చారు. "ముందు ఇంకోటి వస్తుందిలే" అన్నారు. నేను వేళ్ళు మడిచి కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పదిహేడో రాయి దాటాక స్పీడ్ బ్రేకరు వచ్చింది. ఆయన చూసుకోలేదు. కారు ఎగిరి పడింది.

అప్పుడు ఆపారు.

మొదట సీటు వైపు చూశారు, తర్వాత నా వైపు. "సీటు కవర్లు మొన్ననేగా వేయించింది! చిన్నపిల్లవా? ఇంత అర్జెంటని ముందే చెప్పొద్దూ?" చెప్పాను అని నేను అనలేదు. "సారీ అండీ" అన్నాను. తెరిచిన కారు తలుపు చాటున నిలబడి, తువ్వాలు పళ్ళతో పట్టుకుని బట్టలు మార్చుకున్నాను. లారీలు పోతూనే ఉన్నాయి. ఒకడు హారన్ కొట్టాడు. ఆయన సీటు మీద పాత న్యూస్‌పేపరు నాలుగు మడతలు వేసి పరిచారు. దాని మీద కూర్చున్నాను. కదిలితే చప్పుడవుతుందని కదలకుండా కూర్చున్నాను.

సిగ్గుతో చచ్చిపోతున్నాననుకున్నాను. కానీ అసలు సిగ్గు అది కాదని కాసేపటికి తెలిసింది. చెవిలో "ఇంకో అరగంట ఆగు" అని ఒకటే మోగుతోంది. ఎంత విన్నా అది ఆయన గొంతులా లేదు. నా గొంతులా ఉంది.

నేను షర్టులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేశాను. పదిహేనేళ్ళు మిషను మీద, పదహారేళ్ళు సూపర్‌వైజర్‌గా. నా లైనులో నలభై మంది ఆడవాళ్ళు. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే నా బల్ల పక్కన మేకుకి వేలాడే టోకెను అడిగి తీసుకోవాలి. నలభై మందికీ ఒకటే టోకెను. అది తిరిగొస్తేనే ఇంకొకరు లేవాలి. ఆ పద్ధతి నేను పెట్టింది కాదు, కానీ నా అంత గట్టిగా పాటించిన వాళ్ళు లేరు. నా వెనకాల టోకెనమ్మ అని పిలుచుకునేవాళ్ళు. అది తెలిసి నేను లోలోపల గర్వపడేదాన్ని కూడా. సూపర్‌వైజర్ల బాత్రూమ్ వేరే ఉండేది. నాకు టోకెను అక్కర్లేదు. రిటైరైన రోజు మేనేజరు మైకులో "ఈమె లైను ఒక్క పూట కూడా ఆగలేదు" అన్నాడు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

పదకొండేళ్ళ కిందట నా లైనులో కాలర్లు కుట్టే అమ్మాయి ఒకతె ఉండేది. ఏడో నెల కడుపు. ఆ రోజు పెద్ద ఆర్డరు పోవాలి. "మేడమ్, టోకెను" అని వచ్చింది. "ఇప్పుడేగా వెళ్ళొచ్చావు? ఇంకో అరగంట ఆగు, ఈ లాటు పోనీ" అన్నాను. మళ్ళీ వచ్చింది. నేను వాచీ చూపించాను. మూడోసారి రాలేదు. కాసేపటికి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వెళ్ళి చూస్తే ఆమె స్టూలు కింద నేల తడిగా ఉంది. ఆమె తల వంచుకుని కాలరు కుడుతూనే ఉంది. నేనేం చేశానో చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తుడుపుగుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చాను. "త్వరగా తుడిచెయ్యి, మేనేజరు వస్తున్నాడు" అన్నాను. ఏడు నెలల పొట్టతో ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమె సీటులో ఇంకొకామెని కూర్చోబెట్టాను. ఆ బాధేమిటో ఒళ్ళంతా తెలిసినదాన్ని, నలభై మందిలో ఆమెకి ఒక మాట సాయం చేయాల్సినదాన్ని నేను. మా ఆయన కనీసం పేపరు పరిచారు.

సాయంత్రం లాడ్జిలో బట్టలు ఉతికి ఆరేస్తుంటే ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా "రేపట్నుంచి నీళ్ళు ముట్టుకోకు" అన్నారు. నేను బాల్కనీలోకి వెళ్ళి, నాతో పాటు పనిచేసిన గుండీల సెక్షన్ అక్కకి ఫోన్ చేశాను. "ఆ కాలర్ల పిల్లా? వాళ్ళమ్మగారి ఊళ్ళోనే ఉందే! బస్టాండు వెనక టైలరింగు షాపు పెట్టుకుంది" అంది. ఊరి పేరు చెప్పింది. లాడ్జి కౌంటరులో ఉన్నాయన్ని అడిగితే ఇక్కణ్ణుంచి బస్సులో రెండున్నర గంటలన్నాడు.

పొద్దున్నే మా ఆయనతో చెప్పాను.

"నేనొకళ్ళని చూడాలండీ."

"చార్టులో లేదుగా."

"లేదు. అందుకే మీరు చార్టు ప్రకారం వెళ్ళండి. నేను బస్సులో వెళ్ళి, అట్నుంచి అటే ఇంటికి వెళ్ళిపోతాను."

"నిన్నటి దానికి ఇంత కోపమా?" అన్నారు.

"మీ మీద కోపం ఉంది. కానీ ఇది దాని గురించి కాదు."

"మరి నా మాత్రలు?" అన్నారు.

"పొట్లాల మీద తేదీలు రాసి ఉన్నాయి" అన్నాను.

షాపు చిన్న గది. రెండు మిషన్లు, గోడ నిండా దండేలకి తగిలించిన పిల్లల గౌన్లు. నన్ను చూడగానే ఆమె కాలు మిషను మీద ఆగిపోయింది. "కూర్చోండి మేడమ్" అంది. అప్పట్లో నువ్వు అనేదాన్ని. ఇప్పుడు మీరు అనే వచ్చింది నోటికి. అప్పుడు కడుపులో ఉన్న బిడ్డ ఎలా ఉందని అడిగాను. పాప బాగుంది, బడికెళ్ళింది అంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కారు సంగతి కూడా చెప్పాను, పేపరు సంగతి కూడా. చివరికి "మిమ్మల్ని క్షమించమని అడగడానికొచ్చాను" అన్నాను.

ఆమె చేతిలో ఉన్న గౌనుకి దారం కొరికి పక్కన పెట్టింది.

"అంటే ఇప్పుడు నేను క్షమించాననాలి, మీరు తేలికపడి వెళ్ళాలి. ఆ పని కూడా నాచేతే చేయిస్తారా మేడమ్?"

ముఖం మీద కొట్టినట్టయింది. కానీ ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఇన్ని గంటలు ప్రయాణం చేసి మళ్ళీ నా పనే పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను.

"వద్దు" అన్నాను. "చెయ్యొద్దు. చెప్పడానికే వచ్చాననుకోండి."

ఆమె ఇంకో గౌను అందుకుంది. లేచి సంచి భుజానికి తగిలించుకున్నాను. గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి పిలిచింది.

"బస్సెంతసేపు?"

"ఇంటికైతే రేపటికి చేరతాను."

"లోపల బాత్రూమ్ ఉంది. వెళ్ళొస్తారా?"

ఆ గొంతులో ప్రేమా లేదు, కోపమూ లేదు. దాహం వేస్తోందా అని అడిగినంత మామూలుగా అడిగింది. పదహారేళ్ళలో నా లైనులో కూర్చున్న ఏ ఒక్క మనిషినీ నేను ఆ మాట అడగలేదు.

తలెత్తలేకపోయాను. "వెళ్తాను" అన్నాను.