మాఫీకి కట్టిన పన్ను

"మాఫీ అయిన బాకీకి పన్నేంది మేడం? నా చేతికి రూపాయి రాలేదు గదా!" కామారెడ్డిలో ఆడిటర్ అనిల మీద గయ్యిమన్నాను.

ఎల్లారెడ్డిలో నాది స్టీలు సామాన్ల దుకాణం. సరుకంతా హోల్‌సేల్ వ్యాపారం చేసే మా బావ పర్శరాములు అరువిచ్చేవాడు. నా భర్త మార్కండేయ పోయాక, దినాల నాడు బావ నలుగురి ముందు లేచి, "గంగామణి బాకీ మాఫీ చేసిన" అన్నాడు. అన్నట్టే ఖాతా కొట్టేశాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాం అందరం.

అనిల కోప్పడలేదు. "అరువు సరుకును ఏటేటా ఖర్చు కింద చూపించినం. గందుకే అప్పుడు పన్ను తగ్గింది. ఇప్పుడు ఆ బాకీ కట్టేది లేదంటే అది మీ ఆదాయమే అయితది. ఇంటికోసం తెచ్చుకున్న చేబదులైతే లెక్క వేరే ఉండు."

పన్ను లక్షకు పైనే. దుకాణం అడ్వాన్సు కోసం చిట్టీ ఎత్తిన డబ్బు తప్ప నా దగ్గర ఏమీ లేదు. అడ్వాన్సు పెంచకపోతే షట్టరు వేరేవాళ్లకిస్తానని ఓనరు తెగేసి చెప్పాడు.

నాకు తోడుగా వచ్చిన బావ కొడుకు సిద్దార్థ ఓ కాగితం నా ముందుకు జరిపాడు. "బాకీ ఇంకా ఉన్నదని సంతకం పెట్టు చిన్నమ్మా. పన్ను పడది. ఉత్త కాగితమే. నేనడుగుతనా ఏంది?"

ప్రాణం లేచొచ్చింది. పెన్ను తీసుకున్నాను.

"ఉత్త కాగితం కాదు. రేపు కోర్టుల గూడ చెల్లుతది" అంది అనిల.

"అయితే బావకో మాట చెప్తా" అని ఫోన్ తీశాను.

"బాపుకెందుకు? ఆయనకు బీపీ" అని సిద్దార్థ కంగారు పడ్డాడు. ఆ కంగారు చూసే నంబరు నొక్కాను.

"ఏం సంతకం గంగామణీ? వాడు నాకేం చెప్పలే" అన్నాడు బావ. "పోయిన నెలనే నా దుకాణం వాని పేరు మీద రాసిన. ఇగ వసూళ్లన్నీ వానివే."

సిద్దార్థ తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఓరి, మీ చిన్నాయన దినాల కూడు తిన్నవ్ గదరా! గంతలనే మర్చినవా?" పెన్ను బల్ల మీద కొట్టాను. "మేడం, పన్ను కట్టేస్త. షట్టరు పోతే పోనియ్యి, అంగట్ల పట్టా పరుచుకొని గిన్నెలమ్ముకుంట."

చిట్టీ డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే ఏడుపొచ్చింది. కిందికి దిగేసరికి సిద్దార్థ బండి తీసి నిలబడ్డాడు.

"బస్టాండుల దింపుతా, ఎక్కు చిన్నమ్మా."

"వద్దు బిడ్డా, నడుస్త. మల్ల నీకు బాకీ పడను."