మూడుసార్లు తిరిగిపోయిన మెయిలు

"కుర్సీల కూసొని బటన్లు ఒత్తుడే గదా, గదేం పనే?" అన్నాడు ఐలేశం, అన్నం వారుస్తున్న భార్య యాదమ్మతో. అయిదింటికి లేచి పిల్లలిద్దరికీ, అత్త బీరమ్మకీ వండిపెట్టి, ఎనిమిదిన్నర బస్సుకు నల్లగొండ పోయి, కాలేజీ కంప్యూటర్ గదిలో సాయంత్రం దాకా పనిచేసి వచ్చే మనిషిని, అలసిపోయావా అని అడిగే నోరు ఆ ఇంట్లో లేదు.

అది 1999. కాలేజీ మెయిల్ సర్వర్ పని ఆమెదే. రోజూ ఎక్కడెక్కడివో చెత్త మెయిళ్లు వచ్చిపడి, అసలు ఉత్తరాలు వాటికింద కూరుకుపోయేవి. నెల రోజులు కుస్తీపట్టి ఆమె ఒక ఏర్పాటు చేసింది. చెత్త పంపే కంప్యూటర్ మిషన్ల నంబర్ల జాబితా ఇంటర్నెట్‌లో ఉంటుంది. మెయిలు రాగానే సర్వర్ ఆ జాబితాను అడుగుతుంది. పంపిన మిషన్ అందులో ఉంటే గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది. వారంలో చెత్త దాదాపు ఆగిపోయింది. మీటింగులో హెడ్ గుర్వయ్య సార్ "నేనే చేయించిన" అని చప్పట్లు కొట్టించుకున్నాడు. యాదమ్మ అందరికీ టీలు అందించింది.

ఆ నెలలోనే, చెల్లెకు బాగాలేదని అబద్ధం చెప్పి హైదరాబాద్‌లో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి పోయొచ్చింది. ఇంటి అడ్రసు ఇవ్వలేదు. ఆమె పేర వచ్చిన ఏ కవరైనా ఐలేశం చించి చదివాకే ఆమె చేతికొచ్చేది. ఎవరూ తెరవనిది కాలేజీ మెయిలు ఒక్కటే, అదే రాసిచ్చింది. పిల్లల్ని అక్కడ ఏ బడిలో వేయాలో, కిరాయికి ఎంత గది చాలుతుందో, గిన్నెలు తోముతూ అన్నీ అనుకుని పెట్టుకుంది.

నలభై రోజులైనా ఏమీ రాలేదు. ఒక మధ్యాహ్నం, సర్వర్ తిప్పి పంపిన మెయిళ్ల వివరాలు చూస్తుంటే ఆ కంపెనీ పేరు కనబడింది. పక్కన తన పేరు. మూడుసార్లు. బయటివాళ్లెవరో ఆ కంపెనీ మిషన్ మీదుగా చెత్త పంపినందుకు అది కూడా ఆ జాబితాకెక్కింది.

ఎస్టీడీ బూత్‌కి పోయి ఫోన్ చేసింది. "మిమ్మల్నే తీసుకుందామనుకున్నమమ్మా. పంపినయన్నీ వాపసొచ్చినయి. పోయిన వారం వేరేటోళ్లు చేరిన్రు," అన్నాడు అవతలి మనిషి.

తిరిగొచ్చిన ఆమెను చూసి గుర్వయ్య సార్ అడిగాడు. "ఏమైందమ్మా, మొఖం గట్లున్నది?"

"ఏం లేదు సార్."

ఏడవాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే, వెళ్లిపోదామనుకున్నానని చెప్పాలి. కుర్చీలో కూర్చుని, ఆ కంపెనీ మెయిళ్లను ఇకపై ఆపవద్దని సర్వర్‌లో రాసిపెట్టింది. అక్కణ్ణుంచి ఆమెకు రావాల్సింది ఇంకేమీ లేదు.