రెండో రెక్కకు బొట్టు

హనుమేష్ విమానం ముక్కు పక్కన నిలబడి, ఇంజను ముందుభాగంలో ఒక బోల్టు విప్పి, దాని కింద వణుకును పట్టే చిన్న ఇనుప దిమ్మను చేర్చి మళ్లీ బిగిస్తున్నాడు. పానా ఎంత బిగిసిందో అతని వేళ్లకు తెలియదు. చెవి దగ్గరగా పెట్టుకుని, అది టక్కుమనేదాకా తిప్పుతాడు. పడుచుతనమంతా బేతంచెర్లలో నాపరాయి కోసే మిషను పట్టుకున్న చేతులవి. ఆ అదురుకు వేళ్ల కొసలు ఎప్పుడో మొద్దుబారాయి. చలికాలం పొద్దున సున్నం పూసినట్టు తెల్లబడతాయి. అలాంటి మనిషికి ఓర్వకల్లు గుట్టల అవతల, విమానం నడపడం నేర్పే ఈ బడిలో, అదురు కొలిచే పనే దొరికింది.

ఆ రోజు ముందున్నది అన్నిటికన్నా పాత విమానం. పైకి లేస్తే చాలు, సీటు కింద ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు అదిరేది. లోపలి మరలు ఒక్కొక్కటే వదులవుతున్నాయి. హనుమేష్ గుండెకు ఆపరేషను చేయాలని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. "ఇది వణుకుతాంటే నేను పోయి ఆడ పండుకునేదా?" అని వాయిదా వేస్తూ వచ్చాడు. ఈసారి ఇంట్లో వాళ్లు వినలేదు. రేపు పొద్దునే బస్సు. ఈ రోజు అదురు తగ్గకపోతే ముక్కున తిరిగే ప్రొపెల్లర్ విప్పి దూరం పంపాలి, విమానాన్ని మూలన పెట్టాలి.

ఆషాఢం. ఎండ ముదిరితే గాలి ఎర్రమట్టిని లేపుతుంది. అంతకుముందే కొలవాలి. గాలి వచ్చే దిక్కుకు విమానం ముక్కు తిప్పించి, చక్రాలకు అడ్డాలు పెట్టాడు. వైర్లను పొగగొట్టానికి ఎడంగా లాగి, ఆడపిల్లకు జడ వేసినంత ఓపికగా కట్టుకుంటూ వచ్చి, లోపలి సీటు మీదున్న, అదురు కొలిచే ఎనలైజర్ మిషనుకు కలిపాడు. చివరికి ప్రొపెల్లర్ రెండు రెక్కల్లో ఒకదాని వెనక వేలెడు మెరిసే టేపు అంటించాడు. రెక్క తిరిగినప్పుడల్లా ఆ మెరుపు ఎదురుగా బిగించిన లైటుకంటికి తగలాలి. అప్పుడే చుట్టు ఎక్కడ మొదలైందో మిషనుకు తెలుస్తుంది. వేళ్లను నమ్మక, చెంప ఆనించి టేపు అంచులు లేచాయేమో చూసుకున్నాడు. తర్వాత మాత్ర వేసుకోవడానికి షెడ్డులోకి పోయాడు.

తిరిగొచ్చేసరికి విమానం నడపడం నేర్పే మధులత ఎడమ సీట్లో కూర్చుని ఉంది. హనుమేష్ పక్కసీట్లో కూర్చుని ఎనలైజర్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంజను అందుకుంది. మిషను మీద అంకె చూసి అతని ముఖం చిన్నబోయింది.

"నిమిషానికి నాలుగువేల చుట్లు చూపిస్తాంది గదమ్మా!"

"ఈ ముసల్ది నాలుగువేలు తిరిగితే మనం ఈపాటికి శ్రీశైలంలో ఉంటామన్నా," అంది మధులత. తన ముందున్న ముల్లు చూసింది. "నాకు సగమే ఉండాది. సరిగ్గా సగం."

సగం అనే మాట అతనికి చాలింది. "ఆపమ్మా. దాని కంటికి ఇంకోటి ఏదో కనపడతాంది."

రెక్కలు ఆగాక, తాళంచెవి తీయించి జేబులో వేసుకుని, ముందుకు వెళ్లి చూశాడు. రెండో రెక్క వెనక, తన టేపుకు సరిసమానమైన ఎత్తులో, మెరుపురాళ్ల బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉంది.

షెడ్డు ఊడ్చే భీమక్క చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"నేనే పెట్టినానన్నా. ఒక రెక్కకు నువ్వు బొట్టు పెడితివి. రెండోది ఏం పాపం చేసిందప్పా, బోడిగా ఉండేకి?"

మధులత పగలబడి నవ్వింది. హనుమేష్‌కూ నవ్వొచ్చింది. "రెక్క ముట్టొద్దని నీకెన్నిసార్లు చెప్పినానే తల్లీ! అది బొట్టు కాదు, మిషనుకు గుర్తు. నీకీ బిళ్ల యాడిది?"

భీమక్క నడుముకున్న వక్కాకు సంచిని తడుముకుంది. ఆమె నుదురు రెండేళ్లుగా ఖాళీగా ఉంది.

"ఆయప్ప ఉన్నప్పుడు కొన్న అట్ట. వక్కాకు సంచిలోనే ఉండాది. పారేసేకి మనసొప్పలే."

మధులత నవ్వు ఆపేసింది. హనుమేష్ బిళ్లను గోటితో మెల్లగా లేపాడు. అది చిరగకుండా రావడానికి చాలాసేపు పట్టింది. దాన్ని తీసుకుపోయి ఎనలైజర్ పెట్టె మూత లోపలివైపు అంటించి, అరచేత్తో ఒత్తాడు.

"ఈడుంటే లెక్కకు అడ్డం రాదులే. దీనికీ ఒక బొట్టు కావల్ల."

ఈసారి అంకె సరిగా వచ్చింది. అదురు ఎంతో, ఏ వైపు బరువు తక్కువో మిషను చెప్పింది. ప్రొపెల్లర్ వెనక పళ్లేనికి ఒక వాషరు బిగించి మళ్లీ నడిపారు. తగ్గింది. ఇంకోటి చేర్చారు. బాగా తగ్గింది. హనుమేష్ తన నీళ్లసీసాను ముందున్న అంచు మీద పెట్టమన్నాడు. ఇంజను మోగుతున్నా నీళ్లు కుదురుగా ఉన్నాయి. అతను ఆ సీసానే చూస్తూ కూర్చున్నాడు. మధులత ఇంజను ఆపడానికి చెయ్యి చాచి, అతని ముఖం చూసి, వెనక్కి తీసుకుంది.

సాయంత్రం వైర్లు తుడిచి, చుట్టలు చుట్టి, పెట్టెలో దేని చోట దాన్ని పెట్టాడు. "వచ్చేదాకా దీని మీద దుమ్ము పడనియ్యాకు," అన్నాడు భీమక్కతో.

"పో, పోన్నా. పెండ్లికి పోయినట్టు పోయి రా."

ఆపరేషను బాగానే అయిందని కబురొచ్చింది. మూడోనాడు తెల్లవారుజామున, నిద్రలోనే పోయాడని ఇంకో కబురొచ్చింది.

ఆ పాత విమానం ఇప్పుడూ ఎగురుతోంది. నేర్చుకునే పిల్లలు మొదట దాన్నే అడుగుతారు. భీమక్క రోజూ ఆ పెట్టెను పైనా కిందా తుడుస్తుంది, మూత తెరిచి లోపల కూడా తుడుస్తుంది. ఒక్కచోట మాత్రం గుడ్డ ఆగి, చుట్టూ తిరిగి పోతుంది. అక్కడ మూత లోపలి నల్లగుడ్డ మీద ఎర్రబిళ్ల, అంచు చుట్టూ సన్నని దుమ్ముగీత, షెడ్డు తలుపు తీసినప్పుడు మెరిసే ఒక్క రాయి.